గజ ఈతగాడినే కదా, జన్‌స్కార్‌లో కయాక్ నడపలేనా?

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. చిన్నప్పటి నుంచి కృష్ణలో ఈత కొట్టినవాణ్ణి, మావాళ్ళంతా గజ ఈతగాడంటారు. రెండేళ్ళ కిందట రిషికేశ్‌లో ఒకరోజు రాఫ్టింగ్ చేశాను. వచ్చే ఆగస్టులో లడఖ్‌లోని జన్‌స్కార్ నది మీద ఆరు రోజుల ట్రిప్ అని ఆఫీసు ఫ్రెండ్స్ అంటున్నారు. వాళ్ళు రాఫ్ట్‌లో, అంటే నలుగురూ కలిసి ఎక్కే గాలి నింపిన రబ్బరు పడవలో వస్తారట, నేను మాత్రం సొంతంగా కయాక్‌లో, అంటే ఒక్కరే నడిపే సన్నటి పడవలో వెళ్దామనుకుంటున్నాను. అమ్మేమో 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన సంగతి ఎత్తి, అసలు వెళ్ళొద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ట్రిప్‌కి వెళ్ళండి. కయాక్ మాత్రం ఈ ఆగస్టుకి వద్దు.

మీ ఈత మీద నాకు అనుమానం లేదు. కానీ కయాక్‌లో మనం కూర్చోం, దాన్ని తొడుక్కుంటాం. నడుముకి స్ప్రే స్కర్ట్ అని ఒకటి వేసుకుని, నీళ్ళు లోపలికి రాకుండా దాని అంచుని పడవ నోటి చుట్టూ బిగిస్తారు. పడవ తిరగబడిందంటే తల నీళ్ళలో, కాళ్ళు పైన పడవలో ఇరుక్కుని ఉంటాయి. అక్కడ మీరు కృష్ణని ఎన్నిసార్లు ఈదారన్నది లెక్కలోకి రాదు. తెడ్డుతోనూ నడుముతోనూ పడవని మళ్ళీ పైకి తిప్పగలగాలి, దాన్నే రోల్ అంటారు. అది రాకపోతే స్కర్ట్ ముందున్న పట్టీ లాగి బయటపడాలి.

నేను నలభై దాటాక రిషికేశ్‌లో నేర్చుకోబోయాను. మొదటిరోజు, ఒడ్డు పక్కన నడుం లోతు నిలవ నీళ్ళలో, స్కర్ట్ బిగించుకునేటప్పుడు ఆ పట్టీని బయటికి వదలాలన్నది మర్చిపోయి లోపలే పెట్టి మూసేశాను. తిరగబడ్డాను. చేత్తో ముందంతా తడుముతున్నా, నున్నటి రబ్బరు తప్ప ఏమీ తగలట్లేదు. ఐదారు సెకన్లే అయిందట, నాకైతే సంతోషిమాత వ్రతకథ మొత్తం విన్నంతసేపు అనిపించింది. నేర్పే కుర్రాడు వచ్చి పడవ తిప్పి లేపాడు, ఒక్క మాట కూడా అనకుండా పట్టీ బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత మూడు రోజుల్లో రోల్ నాకు వచ్చింది ఒకే ఒక్కసారి, అదీ పొరపాటున.

ఇక జన్‌స్కార్. పదుం వైపు నుంచి కొండల మధ్య ఇరుకు లోయలో పడి, నిమ్మూ దగ్గర సింధులో కలుస్తుంది. చలికాలంలో ఛాదర్ ట్రెక్ అని గడ్డకట్టిన నది మీద నడుస్తారే, అదే నది. నది రాళ్ళ మధ్య ఉరవడిగా దూకే చోట్లని రాపిడ్లంటారు. వాటిని తేలికైన 1 నుంచి అతి ప్రమాదకరమైన 6 దాకా గ్రేడ్లుగా లెక్కేస్తారు, ఇక్కడివి ఎక్కువగా 3, 4. రిషికేశ్‌లోనూ అలాంటివి ఉన్నాయి కదా, రెండూ ఒకటే అనుకోకండి. అక్కడ రాపిడ్ దాటగానే నీళ్ళు నెమ్మదిస్తాయి, పైన రోడ్డుంటుంది, మునిగి తేలితే పోయి టీ తాగొచ్చు. ఇక్కడ రెండు పక్కలా నిలువు గోడలు. 2024లో నిమ్మూ-పదుం రోడ్డు కలిసింది నిజమే కానీ, రోడ్డు కనిపించినంత మాత్రాన సాయం మీ దగ్గరికి దిగి రాదు.

నీళ్ళు మంచు కరిగినవి. పడగానే ఊపిరి ఎగబీలుస్తుంది, మొదటి నిమిషం అదుపు ఉండదు, పది నిమిషాలకల్లా చేతులు మొద్దుబారి తెడ్డు కూడా పట్టుకోలేం. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి సాయంత్రానికి నీరు పెరుగుతుంది, అందుకే పొద్దున్నే బయల్దేరతారు, గుడారాలు నీటి గీతకి బాగా పైన వేస్తారు.

హోల్ అని ఒకటుంటుంది. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు కింద నురగలో కొబ్బరికాయ పడితే చూశారా, కిందకి పోకుండా అక్కడక్కడే గిరగిరా తిరుగుతూ ఉంటుంది. పైనుంచి పడిన నీళ్ళు వెనక్కి మళ్ళి లాగడం వల్ల అలా అవుతుంది. నదిలో పెద్ద బండ వెనక కూడా అంతే, ఆ కొబ్బరికాయ స్థానంలో మీరుంటారు. (ప్రాక్టీస్ పేరుతో బ్యారేజీకి పైనగానీ కిందగానీ దగ్గరికి పోకండి, దయచేసి.)

అందుకని ఈసారి ఫ్రెండ్స్‌తో రాఫ్ట్‌లో వెళ్ళండి. పక్కనే కయాక్‌లో సేఫ్టీ కుర్రాళ్ళు వస్తారు, వాళ్ళు ఎక్కడ ఆగుతున్నారో, ఏ రాపిడ్ ముందు దిగి ఒడ్డున నడిచి చూస్తున్నారో గమనించండి. వచ్చాక రిషికేశ్‌లో కయాక్ కోర్సు చేయండి, వర్షాకాలంలో అక్కడ మూసేస్తారు కాబట్టి అక్టోబరు నుంచి. నిలవ నీళ్ళలో కాదు, పారే నీళ్ళలో, రెండు పక్కలకీ రోల్ వచ్చిందనుకున్నాక నేపాల్‌లోని సున్ కోశీ నది ట్రిప్ చూడండి. దాదాపు 270 కిలోమీటర్లు, సామానంతా రాఫ్ట్ మోస్తుంది, కయాక్ తేలిగ్గా ఉంటుంది. జన్‌స్కార్ ఎక్కడికీ పోదు.

మీరు ముందు చేరే లేహ్ ఊరు 3,500 మీటర్ల ఎత్తు, మన విజయవాడ సముద్రమట్టానికి ఇంచుమించు సమానం. విమానం దిగాక కనీసం రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా పడుకోండి. అక్కడ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు, కాబట్టి కందిపొడి పట్టుకెళ్ళండి, తేలిక. ఆవకాయ గాజు సీసాలో మాత్రం వద్దు. నది నీళ్ళు బూడిద రంగులో ఉంటాయి, మన వరద నీళ్ళకి వేసినట్టే పటిక వేసి తేర్చి, మరిగించి తాగాలి. లోయలో సిగ్నల్ రాదు. అలాగని శాటిలైట్ ఫోన్ కొనుక్కెళ్ళకండి, అనుమతి లేకుండా అది దగ్గరుంటే మన దేశంలో కేసవుతుంది. తిరిగొచ్చే తేదీకి ఒకరోజు కలిపి అమ్మకి చెప్పండి, లేదంటే ఆవిడకి ఆ ఒక్కరోజూ టెన్షన్. ఆవిడ భయంలో తప్పేమీ లేదు. లైఫ్ జాకెట్, హెల్మెట్ లేకుండా రాఫ్ట్ ఎక్కనిచ్చేవాళ్ళయితే మీరే దిగిపోండి.

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. నాకు ఈత రాదు, కళ్ళజోడు ఉంది. రిషికేశ్ రాఫ్టింగ్ నాకు కుదురుతుందా?

జవాబు: కుదురుతుందమ్మా. ఈత రాదని గైడ్‌కి ముందే చెప్పండి, దాచకండి, చిన్న రాపిడ్లున్న భాగం అడగండి. జాకెట్ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించుకోండి, చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టే. పడితే నిలబడటానికి చూడొద్దు, రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుంటుంది. వెల్లకిలా పడుకుని పాదాలు నీళ్ళు పారే వైపుకి పెట్టండి. కళ్ళజోడుకి వెనకనుంచి తాడు కట్టుకోండి, పాతదే పెట్టుకోండి.