జాబ్ షీట్ చదివాకే సంతకం పెట్టు

చి. బుజ్జికి,

బాబాయి ఆశీస్సులు. నిన్న రాత్రి నీ మెసేజ్ చూశాను. ఫోన్ దానంతట అదే ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతోందని, కొని తొమ్మిది నెలలే అయిందని, ఆఫీసు పక్క షాపతను ఎనిమిది వందలకు విప్పి చూస్తానన్నాడని రాశావు. ముందు ఆ ఆలోచన మానెయ్. అతను మంచి పనివాడే కావచ్చు. మీ హైదరాబాద్‌లో జగదీశ్ మార్కెట్‌లో కూర్చునేవాళ్లకు తెలియని ఫోన్ లేదంటారు. కానీ వారంటీలో ఉన్న ఫోన్‌ను బయట విప్పించావంటే, రేపు సర్వీస్ సెంటర్‌వాళ్లు వెనక మూత జిగురు చూసి "బయట ఓపెన్ చేశారు మేడమ్" అంటారు. ఇక నీ వారంటీ కాగితానికి విలువ ఉండదు. ఆ మార్కెట్ దారి వారంటీ అయిపోయాక చూసుకుందువుగాని.

నా సంగతి నీకు తెలుసు. 31 ఏళ్లు తెనాలిలో దస్తావేజులు రాశాను. వచ్చిన ప్రతివాడికీ చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టేది. అలాంటివాణ్ణి, నా ఫోన్ తెర కింది సగం టచ్ పనిచెయ్యక సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లినప్పుడు ఏం చేశానో విను. కౌంటర్‌లో కుర్రాడు ఫోన్‌ని లైటు కింద అటూ ఇటూ తిప్పాడు, టకటకా ఏదో టైప్ చేశాడు, జాబ్ షీట్ తోశాడు. ఫోన్ ఏ స్థితిలో ఇచ్చామో, కంప్లయింట్ ఏమిటో రాసే కాగితం అది. వెనక క్యూ ఉంది కదా అని సంతకం గీకేశాను. ఐదో రోజు వాళ్లు ఫోన్ చేశారు. "ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీ రాదు, 6,400 అవుతుంది." అదేంటయ్యా, ఎక్కడా కింద పడలేదే అన్నాను. "మీరే సంతకం పెట్టారు కద సార్" అన్నాడు. నిజమే. జాబ్ షీట్ మూడో లైన్లో "కార్నర్ డెంట్, బెండ్ అబ్జర్వ్‌డ్" అని ఉంది. అది జేబులో తాళాలు రాసుకుని పడ్డ గీత! వంకరా లేదు, సొట్టా లేదు. డబ్బు కట్టి తెచ్చుకున్నాను. మీ పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

అందుకని జాబ్ షీట్ దగ్గర తొందరపడకు. గీత ఉంటే గీత అని రాయించు, సొట్ట అంటే ఒప్పుకోకు. నువ్వు చెప్పిన కంప్లయింట్ నీ మాటల్లోనే ఉందా చూడు. "ఫోన్ ప్రాబ్లమ్" అని పొడిగా రాస్తే చాలదు. "రోజుకు నాలుగైదుసార్లు దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది, కెమెరా తెరిస్తే ఎక్కువ" అని రాయించు. ఫోన్ ఇచ్చేముందు వాళ్ల కౌంటర్ మీదే నాలుగు వైపులా ఫోటోలు తీసుకో. సిమ్ ట్రే పెట్టే సందులో చాలా ఫోన్లకు చిన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది. తడి తగిలితే ఎర్రబడుతుంది. అది తెల్లగానే ఉందని అక్కడే చూపించి, దానికీ ఒక ఫోటో తియ్యి. తర్వాత "నీళ్లు పడ్డాయి" అనే మాట రాదు.

నీ ఫోన్ జబ్బుతో ఇంకో చిక్కుంది. ఇంట్లో అల్లరి చేసే పిల్లాడు డాక్టర్ ముందు బుద్ధిమంతుడైనట్టు, సర్వీస్ సెంటర్‌లో అది ఒక్కసారి కూడా ఆగదు. వాళ్లు "నో ఫాల్ట్ ఫౌండ్" అని తిరిగిచ్చేస్తారు. కాబట్టి ఇవాళ్టి నుంచే ఆగినప్పుడల్లా నీ రూమ్‌మేట్ ఫోన్‌తో వీడియో తీసిపెట్టుకో. ఒక రోజు సేఫ్ మోడ్‌లో కూడా వాడి చూడు, అంటే నువ్వు వేసుకున్న యాప్‌లు ఆగి ఫోన్‌తో వచ్చినవే నడుస్తాయి. అందులో ఆగకపోతే తప్పు చాలావరకు నువ్వు వేసుకున్న ఏదో యాప్‌ది, సర్వీస్ సెంటర్ దాకా పోనక్కర్లేకపోవచ్చు.

మొదటిసారి వాళ్లు చేసేది దాదాపు ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడమే. లోపలున్నవన్నీ పోతాయి. ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ ముందే తీసుకుని, సిమ్, మెమరీ కార్డు ఇంట్లో పెట్టి వెళ్లు. లాక్ పిన్ కాగితం మీద రాయమంటే రాయకు. నువ్వే రీసెట్ చేసి ఇచ్చెయ్. కొన్ని ఫోన్లలో నీ ఫోటోలు, మెసేజ్‌లు రిపేరు చేసేవాళ్లకు కనబడకుండా దాచే రిపేర్ మోడ్ అని ఉంటుంది, అదైనా సరే. యూపీఐ వేరే ఫోన్‌లో పెట్టుకుంటే మొదటి 24 గంటలు ఎక్కువ మొత్తం పోదు, అద్దె కట్టే రోజు దగ్గర పెట్టుకుని వెళ్లకు.

సాఫ్ట్‌వేర్ చేసిచ్చాక నాలుగు రోజుల్లో మళ్లీ ఆగితే విసుక్కోకుండా మళ్లీ వెళ్లు. "ఇలా చూస్తాం, కాగితమెందుకు మేడమ్" అంటే కుదరదని చెప్పి కొత్త జాబ్ షీట్ రాయించు. ఒకే కంప్లయింట్‌తో మూడు షీట్లు చేతిలో ఉంటే ఫోన్ మార్చమని అడగడానికి బలం వస్తుంది. నోటితో మూడుసార్లు చెప్పినా ఒక్కటీ లెక్కలోకి రాదు.

ఫోన్ లోపలి మదర్‌బోర్డు మార్చామంటే మాత్రం జాగ్రత్త. పొలానికి సర్వే నంబరు ఎలాగో ఫోన్‌కి ఐఎంఈఐ అనే గుర్తింపు నంబరు అలాగ. 15 అంకెలు ఉంటుంది. డయల్‌లో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొడితే కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండుంటాయి. బోర్డుతో పాటు ఆ నంబరు మారిపోవచ్చు. నీ బిల్లు మీద పాతదే ఉంటుంది. మార్చినట్టు కొత్త నంబరుతో కాగితం ఇవ్వమని అడిగి తీసుకో, లేకపోతే తర్వాత అది ఏ ఫోన్ బిల్లో నువ్వే రుజువు చేసుకోవాలి.

వారంటీ రాదు పొమ్మంటే ఎందుకు రాదో రాతపూర్వకంగా అడుగు. కౌంటర్ కుర్రాడి మీద అరవకు, పైవాళ్లు చెప్పిందే వాడూ చెప్తున్నాడు. కంపెనీకి మెయిల్ పెట్టి వారం చూడు. కదలకపోతే 1915కి ఫోన్ చెయ్యి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబరిచ్చి కంపెనీకి పంపిస్తారు. వాళ్లు తీర్పు చెప్పరు, కానీ చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. నాకు ఈ నంబరు 6,400 కట్టేశాక తెలిసింది.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక నువ్వుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడుందో వెతకక్కర్లేదు. అయిదు లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వెయ్యాలి. ఈ-జాగృతి సైట్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. అర్జీ నేను రాసిస్తాను, చెయ్యి ఇంకా ఆడుతూనే ఉంది.

బిల్లు మాత్రం ఇవాళే వెతుకు. ఆన్‌లైన్లో కొన్నావు కాబట్టి ఆర్డర్లలో దొరుకుతుంది. డౌన్‌లోడ్ చేసి నాకొక కాపీ పంపు. శనివారం సర్వీస్ సెంటర్‌కి వెళ్లేట్టయితే సంతకం పెట్టేముందు షీట్ ఫోటో రూమ్‌మేట్ ఫోన్ నుంచి పంపించు, ఇక్కడ కూర్చుని చదువుతాను. ఫోన్ వాళ్ల దగ్గరున్న నాలుగు రోజులు సిమ్ ఏ ఫోన్‌లో వేసుకుంటావో మీ పిన్నికి చెప్పు. నువ్వు ఎత్తకపోతే ఆవిడ నా ప్రాణం తీస్తుంది.

ఇట్లు,
మీ బాబాయి