స్పెయిన్, పోర్చుగల్‌లలో బైక్ యాత్ర: ఇప్పుడే చిట్టీ పాడాలా, ఏడాది ఆగాలా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు, మా ఆయనకు 47. విశాఖలో ఉంటాం. ఇద్దరి జీతాలు కలిపి చేతికి నెలకు 1.55 లక్షలు వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 38 వేలు, ఇంకా ఆరేళ్లు కట్టాలి. అమ్మాయికి ఇరవై ఏళ్లు, బీటెక్ చదువుతోంది. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 2.2 లక్షలు. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఏటా ఏప్రిల్‌లో మా ఆయనకు లక్షన్నర దాకా బోనస్ వస్తుంది. 25 నెలల, 5 లక్షల చిట్టీలో 12 నెలలు కట్టాం. ఈ మధ్య పాట 90 వేల దగ్గర ఆగుతోంది. పెళ్లయిన నాటి నుంచి ఇద్దరం బండి మీదే అరకు, లంబసింగి, ఒకసారి లడఖ్ కూడా తిరిగాం. స్పెయిన్, పోర్చుగల్‌లలో అద్దె బండి మీద పదహారు రోజులు తిరగాలని కోరిక. బార్సిలోనాలో బండి ఎక్కి లిస్బన్‌లో దిగాలని అనుకున్నాం. ఇక్కడ రోజూ 350 సీసీ నడిపే మా ఆయన అక్కడ 1,250 సీసీ బండి కావాలంటున్నారు. ఆయనకు 50 లక్షల టర్మ్ పాలసీ ఉంది. చిట్టీ పాడేసి, ఇంకో 3 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని ఈ సెప్టెంబర్‌లోనే వెళ్దామని మా ఆయన అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. అలాగని వద్దనాలనీ లేదు. ఏజెంట్ ద్వారా గైడ్‌తో గ్రూప్ టూర్‌లో వెళ్తే మేలా? ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. కాకపోతే ఈ సెప్టెంబర్‌లో వద్దు, వచ్చే సెప్టెంబర్‌లో వెళ్లండి. ఒక్క ఏడాది ఆగితే మీకు ఎంత మిగులుతుందో ముందు చెప్తాను. మీ వారితో మాట్లాడేటప్పుడు ఆ లెక్కే చూపించండి.

ఇప్పుడు 90 వేలకు పాడితే చేతికి వచ్చేది 4.10 లక్షలు. పైగా మిగిలిన 13 వాయిదాలకు కంపెనీ జామీనుదారులను అడుగుతుంది. చివరిదాకా ఆగితే కంపెనీ కమీషన్ మాత్రమే పోతుంది. అది 5 శాతమైతే 4.75 లక్షలు వస్తాయి. చట్టం ప్రకారం 7 శాతం దాకా ఉండొచ్చు కాబట్టి మీ ఒప్పందం ఒకసారి చూసుకోండి. తేడా 65 వేలు. ఇక 3 లక్షల పర్సనల్ లోన్‌ను 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 10,250 దాటుతుంది. వడ్డీయే 69 వేలు అవుతుంది. రెండూ కలిపితే 1.34 లక్షలు. అక్కడ పద్నాలుగు రోజుల బండి అద్దె ఇంచుమించు ఇంతే. ఏడాది ఆగితే మీకు బండి ఉచితంగా వచ్చినట్టే లెక్క.

యాత్రకు మొత్తం ఎంతవుతుంది? రేట్లు మారుతుంటాయి కాబట్టి యూరోకు 105 రూపాయలు పెట్టుకుని అంచనా వేశాను. విశాఖ నుంచి స్పెయిన్‌లోని మాలగాకు ఇద్దరికీ రానుపోను విమానం లక్షన్నర. రెండు దేశాలకూ కలిపి ఒకటే సరిపోయే షెంజెన్ వీసా ఫీజు ఒక్కొక్కరికి 90 యూరోలు, సర్వీస్ ఛార్జీలతో కలిపి ఇద్దరికీ 23 వేలు. బండి అద్దె రోజుకు 95 యూరోల చొప్పున పద్నాలుగు రోజులకు 1.40 లక్షలు. బండికి అదనపు ఇన్సూరెన్స్ కవర్ రోజుకు 15 యూరోలనుకుంటే 22 వేలు. రెండు వేల ఆరు వందల కిలోమీటర్లకు పెట్రోలు 22,500. రాత్రికి 75 యూరోల చొప్పున పదిహేను రాత్రుల బస 1.18 లక్షలు. ఇద్దరి తిండికీ రోజుకు 50 యూరోల లెక్కన 84 వేలు. మెడికల్ ఇన్సూరెన్స్ 10 వేలు. టోల్, పార్కింగ్, ప్రవేశ టికెట్లు కలిపి 21 వేలు. హెల్మెట్లు, జాకెట్లు, గ్లవ్స్‌కు 25 వేలు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, ఫోన్ సిమ్ లాంటివాటికి 5 వేలు. అంతా కలిపితే 6.20 లక్షలు.

చిట్టీ నుంచి 4.75 లక్షలు వస్తాయి. మిగతా లక్షన్నరకు ఈ నెల నుంచే నెలకు 10 వేల చొప్పున ఆర్‌డీ మొదలుపెట్టండి. పదిహేను నెలల్లో ఆ మొత్తం జమవుతుంది. ఎఫ్‌డీని కదిలించాల్సిన పని లేదు, అమ్మాయి ఫీజు జోలికి వెళ్లాల్సిన పనీ లేదు.

ఇదంతా మామూలు ఖర్చు. అసలు జాగ్రత్త పడాల్సిన ఖర్చు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. బండి కిందపడితే ఎంతవుతుందన్నది మీరు లెక్క వేసుకోలేదు. మన ప్రాంతం నుంచి అక్కడ బండి అద్దెకు తీసుకునే దంపతులు చాలామంది దీన్ని మర్చిపోతారు.

అక్కడ అద్దె బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటుంది. బండికి జరిగే నష్టంలో మాత్రం మొదటి కొంత మొత్తం అద్దెకు తీసుకున్నవాళ్లే భరించాలి. బండిని బట్టి, కంపెనీని బట్టి అది వెయ్యి యూరోల నుంచి మూడు వేల దాకా ఉంటుంది. బండి తీసుకునే రోజున ఆ మొత్తాన్ని మీ క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తారు. 1,500 యూరోలనుకుంటే 1.58 లక్షలు. కార్డు లిమిట్ 2 లక్షలే ఉండి, అద్దె కూడా అదే కార్డు మీద కడితే కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. డిపాజిట్‌కు డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. కార్డు కూడా బండి ఎవరి పేరు మీద తీసుకుంటారో వారిదే అయి ఉండాలి. అందుకే మీ వారు ఇప్పుడే లిమిట్ పెంచమని అడగాలి, లేదా ఆయన పేరు మీదే రెండు కార్డులు పెట్టుకోవాలి.

బ్లాక్ అయిన డబ్బు నిజంగానే పోతే? దానికి బోనస్ పక్కన పెట్టండి. వచ్చే ఏప్రిల్‌లో వచ్చే లక్షన్నరను సెప్టెంబర్ దాకా విడిగా ఎఫ్‌డీలో ఉంచండి. బండి చిన్న గీత కూడా లేకుండా తిరిగి అప్పగించారా, ఇంటికి రాగానే ఆ లక్షన్నర ఇంటి లోన్‌లో ముందస్తుగా కట్టేయండి. అదనపు కవర్‌కు నేను చూపిన 22 వేలను మాత్రం తగ్గించకండి. టైర్లు, తాళాలు, అద్దాలు ఆ కవర్ కిందికి వస్తాయో లేదో రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు రావు.

మీ వారు అడుగుతున్న 1,250 సీసీ బండి గురించి కూడా చెప్పాలి. దానికి రోజుకు 140 యూరోల దాకా పడుతుంది, అంటే మొత్తం మీద 66 వేలు ఎక్కువ. డిపాజిట్ కూడా పెరుగుతుంది. అవి పావు టన్ను బరువుండే బండ్లు. దానికి తోడు మీరిద్దరూ, రెండు వైపులా సామాను పెట్టెలు. రోజూ ఇక్కడ 350 సీసీ నడిపే మనిషికి ఆ బరువుతో ఇబ్బందయ్యేది వేగంలో కాదు, వాలుగా ఉన్న పార్కింగ్‌లో, రాళ్లు పరిచిన ఇరుకు సందుల్లో. పైగా రోడ్డుకు కుడివైపు నడపాలి. ఏడు వందల సీసీ చుట్టూ ఉండే బండి మీ ఇద్దరికీ హాయిగా సరిపోతుంది.

ఇక మెడికల్ ఇన్సూరెన్స్. షెంజెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల కవర్ తప్పనిసరి. ఆ కాగితం ఉంటే వీసా పని అవుతుంది, కానీ ఆస్పత్రి బిల్లు వస్తుందని హామీ లేదు. ప్రయాణ పాలసీల్లో కొన్ని మోటార్‌సైకిల్ ప్రమాదాలను పూర్తిగా మినహాయిస్తాయి. కొన్ని ఫలానా సీసీ దాటితే ఇవ్వవు. కొన్ని వెనక కూర్చున్నవారికి ఇస్తాయి, నడిపినవారికి ఇవ్వవు. కొనే ముందు పాలసీ డాక్యుమెంట్‌లో మినహాయింపుల భాగం తెరిచి చదవండి. ‘మేం అద్దె మోటార్‌సైకిల్ నడుపుతాం, ఇంత సీసీ, ఇద్దరికీ కవర్ ఉంటుందా’ అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. లైసెన్సు, ఇంటర్నేషనల్ పర్మిట్, హెల్మెట్ సరిగా లేకపోతే ఏ పాలసీ అయినా చేతులెత్తేస్తుంది. పర్మిట్ ఆర్‌టీఏలో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. యాత్రకు ఒకటి రెండు నెలల ముందు తీసుకుంటే చాలు.

ఇంకో మాట ఉంది. ఇది రాయడానికి మనసుకు కష్టంగా ఉన్నా రాయాలి. మీరిద్దరూ ఒకే బండి మీద ఉంటారు. మీ వారి 50 లక్షల టర్మ్ పాలసీకి నామినీ మీరు, మీ పీఎఫ్‌కు నామినీ ఆయన అయి ఉంటారు, చాలా ఇళ్లలో అంతే. ఇద్దరికీ ఒకేసారి ఏమైనా జరిగితే మీ అమ్మాయి వారసత్వ సర్టిఫికెట్ కోసం కోర్టు చుట్టూ తిరగాల్సి రావచ్చు. ఆ పిల్లకు ఆ పరిస్థితి రానివ్వకండి. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాలకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఒకరి తర్వాత ఒకరుగా, మొదట మీరు, తర్వాత అమ్మాయి అని కూడా రాయవచ్చు. టర్మ్ పాలసీలో అమ్మాయి పేరు చేర్చండి. ఇద్దరూ చెరొక వీలునామా రాయండి. మామూలు కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెడితే అది చెల్లుతుంది, వాళ్లూ సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఏయే ఖాతాలు, పాలసీలు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద రాసి అమ్మాయికి ఇచ్చి వెళ్లండి. దీనికి పెద్దగా ఖర్చు లేదు. టికెట్లు బుక్ చేయకముందే ఈ పని పూర్తి చేయమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

వీసా దగ్గర మీ ఎఫ్‌డీ అక్కరకొస్తుంది. ఎక్కువ రోజులు స్పెయిన్‌లో ఉంటారు కాబట్టి దరఖాస్తు స్పెయిన్‌కే పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల లోపు, కనీసం పదిహేను రోజుల ముందు పెట్టాలి. ఆ దేశపు నెల కనీస వేతనంలో పదో వంతు చొప్పున ఒక్కొక్కరికి, రోజుకు డబ్బు ఉన్నట్టు చూపాలి. ఆ వేతనం ఏటా మారుతుంది. 2025లో అది 1,184 యూరోలు. ఆ లెక్కన ఇద్దరికి పదహారు రోజులకు దాదాపు 4 లక్షల రూపాయలు. ఆ అవసరానికి ఎఫ్‌డీ రసీదు పనికొస్తుంది, డబ్బు మాత్రం ఖర్చు కాదు. చిట్టీ డబ్బు ఒక్కసారిగా ఖాతాలో పడితే వీసా అధికారికి అనుమానం రావచ్చు. చిట్టీ కంపెనీ ఇచ్చే చెల్లింపు కాగితాన్ని స్టేట్‌మెంట్‌కు జత చేయండి.

మీరు అనుకున్నట్టు బార్సిలోనాలో ఎక్కి లిస్బన్‌లో దిగే ప్లాన్ వద్దు. బండిని వేరే దేశంలో వదిలితే కంపెనీలు వందల యూరోలు అదనంగా తీసుకుంటాయి, కొన్ని అసలు ఒప్పుకోవు. మాలగాలో తీసుకుని మాలగాలోనే ఇచ్చేయండి. అక్కడి నుంచి ఏ-397 మీద రోండా, గ్రజలేమా కొండలు దాటి సెవిల్, ఆపైన పోర్చుగల్‌లో అల్గార్వే తీరం, లిస్బన్, పైన దోరో లోయ. రేగువా నుంచి పిన్యావ్ దాకా నది పక్కనే సాగే ఎన్-222 రోడ్డు మీద ఒక పూట నెమ్మదిగా నడపండి, అక్కడ తొందరపడితే ఇంత దూరం వెళ్లి ప్రయోజనం ఉండదు. తిరుగు దారిలో మళ్లీ స్పెయిన్‌లో సలమాంకా, తొలేదో, కోర్దోబా, గ్రనడా. పోర్చుగల్‌లోకి బండి తీసుకెళ్లడానికి అనుమతి అద్దె ఒప్పందంలో రాయించుకోవాలి.

దారిలో మిగిలే డబ్బు కూడా తక్కువేం కాదు. పెట్రోలు పోర్చుగల్‌లో కంటే స్పెయిన్‌లో చవక, కాబట్టి సరిహద్దు దాటే ముందు స్పెయిన్ వైపు ఉన్న అయమోంతేలో ట్యాంకు నింపేయండి. అల్గార్వే పొడవునా సాగే ఏ-22 మీద 2025 జనవరి 1 నుంచి టోల్ లేదు. మధ్యాహ్నం స్పెయిన్ హోటళ్లలో ‘మెనూ దెల్ దియా’ అడిగితే రెండు వంటకాలు, రొట్టె, డ్రింకు కలిపి ఒకే ధరకు పెడతారు. పెద్ద భోజనం అప్పుడే చేసి రాత్రి తేలిగ్గా ముగించండి. సెప్టెంబర్ రెండో సగంలో బయల్దేరితే ఆగస్టు కంటే గది అద్దెలు తగ్గుతాయి, సెవిల్‌లో నలభై డిగ్రీల ఎండ తప్పే అవకాశమూ ఎక్కువ. స్పెయిన్ ఊళ్లలో వైపుకు ఒకే వరుస ఉన్న వీధుల్లో వేగ పరిమితి గంటకు 30 కిలోమీటర్లే. ఫైన్ పడితే 20 రోజుల్లో కడితే సగమే, కానీ అద్దె కంపెనీ తన ఛార్జీ వేరుగా వేసుకుంటుంది.

ఏజెంట్ ద్వారా గైడ్‌తో వెళ్లే గ్రూప్ టూర్ గురించి కూడా అడిగారు. మీ బడ్జెట్‌కు అది సరిపడదు. వాటిలో నడిపేవారికి నాలుగైదు వేల యూరోలు, వెనక కూర్చునేవారికి మూడు వేల పైన అడగడం మామూలే, విమానం ఖర్చు వేరు. ఇక్కడ కొనే విదేశీ టూర్ ప్యాకేజీ మీద మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను కూడా ఉంటుంది. ఐటీ రిటర్న్‌లో అది తిరిగి వస్తుంది, కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుపోతుంది. సొంతంగా వెళ్తే మీకు ఆ బాధ లేదు. ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డులో వేసుకునే డబ్బుకు ఒక్కొక్కరికి ఏడాదికి 10 లక్షల దాకా టీసీఎస్ లేదు. అక్కడ ఉండగా క్రెడిట్ కార్డుతో చేసే ఖర్చు ఈ లెక్కలోకే రాదు.

కానీ మామూలు క్రెడిట్ కార్డు మీద 3.5 శాతం దాకా మార్కప్ (విదేశీ కరెన్సీ ఛార్జీ), దాని మీద జీఎస్టీ పడతాయి. అక్కడి ఖర్చు 4 లక్షలైతే అదే 16 వేలు. గదులు, తిండి, పెట్రోలు ఫారెక్స్ కార్డుతో కట్టండి. క్రెడిట్ కార్డును అద్దెకు, డిపాజిట్‌కు మాత్రమే వాడండి. స్వైప్ మెషీన్ రూపాయల్లో కడతారా, యూరోల్లోనా అని అడిగితే ప్రతిసారీ యూరోలే నొక్కండి. చేతిలో మూడు వందల యూరోల నగదు చాలు. అది కూడా ఇద్దరి దగ్గరా సగం సగం ఉండాలి.