సొరుగు బిగుసుకుందని కొత్త డ్రెస్సర్ కొనకండి

తమ్ముడూ, న్యూజెర్సీలో మీకిది మొదటి వేసవి కదా. డ్రెస్సర్ (బట్టలు పెట్టుకునే సొరుగుల బల్ల) సొరుగులు రావడం లేదని సామాను మార్చే ఆలోచన మానుకోండి, వందల డాలర్లు ఊరికే పోతాయి. మీది అసలు చెక్క, సొరుగు జారే పట్టాలు కూడా చెక్కవే అన్నారు. జులై, ఆగస్టుల్లో ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. చెక్క ఆ తేమ పీల్చి, దాని మీద పొడవునా కనిపించే గీతలకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవు మాత్రం దాదాపు పెరగదు. అందుకే సొరుగు పక్క చెక్కల ఎత్తు పెరిగి చట్రానికి పట్టేస్తోంది.

వచ్చిన కొత్తలో గరాజ్ సేల్‌లో కొన్న మేపుల్ డ్రెస్సర్‌తో నేనూ ఇదే పడ్డాను. హ్యాండీమ్యాన్ (ఇంటి మరమ్మతులు చేసే మనిషి) గుమ్మం తొక్కితేనే అడిగే డబ్బును రూపాయల్లో లెక్కేసుకుని, నేనే పనిలోకి దిగాను. ముందు కొబ్బరినూనె రాశాను. కొన్నాళ్లు బాగానే జారింది. తర్వాత దుమ్ము పట్టి జిగటగా తయారైంది, మా ఆవిడ పట్టుచీర అంచుకు మరకలైంది. ఆ మరక తీయించడానికి డ్రెస్సర్ ఖరీదు కంటే ఎక్కువే వదిలింది. పైగా కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, ఇక్కడి చలికి ఇంకేం పనికొస్తుంది? అది చాలక, మంచి వేసవిలో ఉప్పు కాగితం (శాండ్‌పేపర్) పట్టుకుని తెగ అరగదీశాను. జనవరిలో హీటర్ వేడికి చెక్క ఎండి కుంచించుకుపోయి, సొరుగు వదులై లాగినప్పుడల్లా ముందుకు వాలిపోయేది. అరిగిన చెక్క మళ్లీ రాదు.

మీకు ఆ ఖర్చు అక్కర్లేదు. పిడి పట్టుకుని బలంగా లాగకండి, ముందు పలక ఊడొస్తుంది. పై సొరుగు తీసి, లోపలికి చెయ్యి పెట్టి వెనక నుంచి తోయండి. బయటికొచ్చాక అంచులు చూడండి, రాసుకున్నచోట నున్నగా మెరుస్తుంటుంది. తెలియకపోతే సుద్ద రాసి ఒకసారి మూసి తీయండి. సుద్ద చెరిగిన చోటే పట్టేస్తున్నట్టు. అక్కడా, పట్టాల మీదా మామూలు తెల్ల కొవ్వొత్తి ముక్క గట్టిగా రుద్దండి. సబ్బు వద్దు, అది తేమను లాగుతుంది. అప్పటికీ కదలకపోతేనే 120 నంబరు ఉప్పు కాగితంతో కాస్త రుద్ది, సొరుగు పెట్టి చూసి, మళ్లీ రుద్దండి. చివర 220తో నున్న చేసి కొవ్వొత్తి పట్టించండి. ఇప్పుడొచ్చే పిల్లలు స్క్రూ బిగించడానికీ మనిషిని పిలుస్తున్నారు. ఈ పని మీ చేతుల్లోనే ఉంది, ఓ సాయంత్రం చాలు.

పాత రంగు వేసిన సామాను అయితే మాత్రం రుద్దకండి. 1978కి ముందు రంగుల్లో సీసం ఉండేది, ఆ దుమ్ము పిల్లలకు ప్రమాదం. నిబంధనలు మీరే చూసుకోండి.

జనవరిలో చెక్క బాగా ఎండాక, కొవ్వొత్తి రాసిన అంచులు వదిలేసి, మిగతా పూత లేని చెక్కకు షెలాక్ (లక్కతో చేసే పూత) వేయండి. వచ్చే వేసవికి తేమ అంత తొందరగా ఎక్కదు. చిన్న డబ్బా కొంటే చాలు. ఎక్కువకాలం నిల్వ ఉండదు కాబట్టి పెద్దది కొంటే మిగిలిందంతా దండగ.