అమ్మావాళ్ళు వచ్చేలోగా కెమెరా కొనాలా?

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలో, న్యూజెర్సీలోని మా ఎడిసన్ చుట్టుపక్కల కొత్తగా దిగిన పిల్లల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "అన్నా, జూన్‌లో అమ్మావాళ్ళు వస్తున్నారు. నయాగరా, వాషింగ్టన్ తిప్పుదామనుకుంటున్నాం. ఫోన్ చాలదా, చిన్న కెమెరా కూడా కొనాలా?"

పట్టపగలు, నాలుగడుగుల దూరంలో నుంచున్న మనిషిని తీయడానికైతే ఫోన్ చాలు. దానికోసం ఏడెనిమిది వందల డాలర్లు తగలేయక్కర్లేదు. చీకటి పడ్డాకా, ముఖానికి ఎదురుగా వెలుతురు లేనప్పుడూ, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగాల్సినప్పుడూ మాత్రం మంచి చిన్న కెమెరా ఉపయోగం తెలుస్తుంది. ఈ మూడింట్లో మీకు ఏది ముఖ్యమో తేల్చుకోకుండా షాపుకు వెళ్తే నాలాగే అవుతుంది.

మా అమ్మానాన్న మొదటిసారి వచ్చినప్పుడు నేనూ హడావిడిగా ఒకటి కొన్నాను. అట్టపెట్టె మీద 30ఎక్స్ జూమ్ అని ఇంత లావు అక్షరాలతో ఉంది. అంత జూమ్ ఉన్నది మంచిది కాకుండా ఎలా పోతుందిలే అనుకున్నా. వాళ్ళకు కెనడా వీసా లేదు కాబట్టి నయాగరాలో అమెరికా వైపే ఉన్నాం. రాత్రి జలపాతం మీద రంగుల లైట్లు వేశారు. అమ్మ చీర మీద నా జాకెట్టు, తలకు మంకీ క్యాపు. నలభై ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో చూస్తే అన్నీ అలికేసినట్టున్నాయి. రంగులైతే వచ్చాయి, అమ్మే రాలేదు.

కారణం తర్వాత తెలిసింది. కెమెరాలో వెలుతురును పట్టే ముక్కను సెన్సర్ అంటారు. పెద్ద జూమ్ ఉండే జేబు కెమెరాల్లో అది 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర ఎత్తు ఉంటుంది. అంటే దాదాపు కందిగింజంత. స్పెసిఫికేషన్లలో 1/2.3 అని రాసి ఉంటే అదే. దాని పైది "ఒక అంగుళం" సెన్సర్. అంగుళమన్నది పేరుకే, కొలిస్తే 13.2 x 8.8 మిల్లీమీటర్లు. అయినా కందిగింజ కన్నా విస్తీర్ణం నాలుగు రెట్లు. తర్వాత లెన్సు చుట్టూ చెక్కిన అంకె చూడండి. 1:1.8 అని ఉంటే ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది, 1:3.3 అని ఉంటే అందులో మూడో వంతు కూడా రాదు. మెగాపిక్సెళ్ళ సంగతి వదిలేయండి, ఈ రోజుల్లో అన్నిట్లోనూ కావలసినన్ని ఉన్నాయి.

ఇక ఏది కొనాలి? నన్నడిగితే కుటుంబంతో తిరిగేవాళ్ళకు కెనన్ జీ7ఎక్స్ మార్క్ 3 గానీ, సోనీ ఆర్ఎక్స్100 వరసలో మూడు నుంచి ఐదు దాకా ఏదైనా గానీ చాలు. రెండిటికీ ఒక అంగుళం సెన్సర్, 1.8 లెన్సు, పైకి లేచే ఫ్లాష్ ఉన్నాయి. బరువు కూడా అటూఇటూగా 300 గ్రాములే, జాకెట్టు జేబులో పడుతుంది. కెనన్ది 2019లో వచ్చినప్పుడు 749 డాలర్లు. ఆ తర్వాత సోషల్ మీడియా పిల్లలు దాని మీద పడటంతో దొరకడమే గగనమైంది. దొరక్కపోతే బాధపడకండి. కేఈహెచ్, ఎంపీబీ లాంటి పాత కెమెరాల వ్యాపారుల దగ్గర సోనీది చూడండి. వస్తువు ఏ స్థితిలో ఉందో వాళ్ళు రాసే పెడతారు. సోనీలో ఏడోది అన్నిటికన్నా కొత్తది కదా అని ఎగబడొద్దు. దానికి జూమ్ పెరిగింది గానీ లెన్సు 2.8 దగ్గర మొదలవుతుంది, రాత్రి ఫోటోలకు పాతవే నయం. రికో జీఆర్ 3 అద్భుతమైన కెమెరా, నాకు చాలా ఇష్టం. కానీ దానికి జూమ్ లేదు, ఫ్లాష్ లేదు. ఒంటరిగా వీధులు తిరిగేవాడికి సరిపోతుంది.

జూమ్ నిజంగా కావలసిన చోటు ఒకటుంది, ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్. అక్కడ అడవిదున్నలకు కనీసం 25 గజాలు, ఎలుగుబంట్లకు, తోడేళ్ళకు 100 గజాలు ఎడంగా ఉండాలని రూల్. వంద గజాల నుంచి ఫోన్‌తో తీస్తే ఎలుగుబంటి ఎండు ఖర్జూరంలా కనిపిస్తుంది. అలాంటి ట్రిప్ అనుకుంటే పానసోనిక్ జడ్ఎస్100 చూడండి. ఒక అంగుళం సెన్సరే, జూమ్ పది రెట్లు. కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ కూడా ఉంది, ఎండలో వెనక స్క్రీన్ కనబడనప్పుడు నాన్నగారికి పనికొస్తుంది.

ఫ్లాష్ గురించి ఇందాక ఊరికే చెప్పలేదు. మధ్యాహ్నం జలపాతం ముందు అమ్మను నిలబెట్టి తీస్తే వెనకున్న నురగంతా తెల్లగా మెరుస్తుంది, ముఖం నల్లబడిపోతుంది. అప్పుడు ఫ్లాష్ ఆటోలో కాకుండా ఆన్‌లో పెట్టి, ఆరేడు అడుగుల దూరం నుంచి తీయండి. "పట్టపగలు లైటేంట్రా" అంటారు, అననివ్వండి. ముక్కుపుడకతో సహా వస్తుంది. రాత్రయితే దీనికి రివర్స్. ఫ్లాష్ ఆపేసి, కెమెరాను రెయిలింగ్ మీద ఆనించి, తాడు మణికట్టుకు చుట్టుకుని, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. అమ్మను ఒక్క క్షణం కదలొద్దనండి.

నయాగరా జలపాతం దగ్గరికి తీసుకెళ్ళే మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవలో వాళ్ళిచ్చే నీలం పాంచో (పల్చటి వాన తొడుగు) కెమెరాకు అడ్డం కాదు. జిప్‌లాక్ కవర్లో పెట్టుకుని, తీసేటప్పుడే బయటికి తీయండి. లెన్సు మీద తుంపర పడితే కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డ వాడండి. మా అమ్మ చటుక్కున కొంగుతో తుడిచేసింది. జరీ కొంగు! ఆ గీత ఇప్పటికీ ఉంది.

కొనేటప్పుడు ఇంకో సంగతి. మన ఎమ్మార్పీలా ఇక్కడ ధరలో పన్ను కలిసి ఉండదు. న్యూజెర్సీలో 6.625 శాతం, అంటే 750 డాలర్ల కెమెరాకు యాభై దాకా అదనం. డెలావేర్‌లో సేల్స్ టాక్స్ లేదని ఒక్క కెమెరా కోసం బండేసుకుని వెళ్ళే మహానుభావులున్నారు. పెట్రోలు, టోల్ లెక్కేస్తే మిగిలేది భోజనం ఖర్చే. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపిస్తే అది వేరే దేశపు సరుకేమో, ఇక్కడి వారంటీ ఉందో లేదో చదవండి. ట్రిప్‌కు ముందురోజు కాకుండా రిటర్న్ గడువు ఉండగానే ఇంట్లో పరీక్ష పెట్టండి. రాత్రి హాల్లో ఒక్క లైటు ఉంచి, మీవాళ్ళను సోఫాలో కూర్చోబెట్టి తీసి చూడండి. ముఖాలు స్పష్టంగా లేకపోతే మొహమాటపడకుండా వాపసు ఇచ్చేయండి.

గడియారం సరిచేయడం మర్చిపోవద్దు, లేకపోతే ఫోన్ ఫోటోలూ కెమెరా ఫోటోలూ కలిపినప్పుడు నయాగరాకూ న్యూయార్క్‌కూ మధ్య అన్నీ కలగాపులగమవుతాయి. బ్యాటరీ రెండు మూడు వందల ఫోటోలకే అయిపోతుంది, ఇంకోటి కొనండి. విమానంలో ఆ స్పేర్‌ను చెకిన్ పెట్టెలో కాదు, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే ఇండియాలో ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పిన్ను మార్చే అడాప్టర్ చాలు.

ఇక వాళ్ళు తిరిగి వెళ్ళే ముందురోజు లింకులేవీ పంపకండి. వెయ్యి ఫోటోల్లోంచి వంద ఏరి, పెన్‌డ్రైవ్‌లో వేసి నాన్నగారి చొక్కా జేబులో పెట్టండి. మా నాన్న ఇప్పటికీ ఎవరు ఇంటికొచ్చినా టీవీకి అది గుచ్చి, ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, "ఇదిగో, ఇక్కడ మీ వదినకి చలేసింది" అని చెబుతూ ఉంటారు.