ఎదిగిన మనిషిలా కనిపించాలంటే బీరువా మొత్తం మార్చాలా?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. చదువు పూర్తయి నాలుగు నెలల క్రితం ఉద్యోగంలో చేరాను. ఇప్పటికీ నా బట్టలన్నీ అమ్మే కొంటుంది. బీరువా నిండా బొమ్మల టీషర్టులు, హుడీలు, మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సులే. ఆ మధ్య ఒక మీటింగ్‌కి బయటి నుంచి వచ్చినాయన నన్ను చూపించి, ‘ట్రైనింగ్‌కి వచ్చిన స్టూడెంటా?’ అని మా మేనేజర్‌ని అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ నెల జీతంలో సగం పెట్టి ఐదు ఫార్మల్ చొక్కాలు, రెండు నల్ల ప్యాంట్లు, ఒక బ్లేజర్ కొన్నాను. వేసుకుని గదిలోంచి బయటికి రాగానే అన్నయ్య ‘ఏంట్రా, నాన్నగారి బట్టలేసుకున్నావ్’ అని నవ్వాడు. మళ్లీ వాటిని ముట్టుకోలేదు. అమ్మేమో తను కొన్నవి నాకు నచ్చడం లేదని బాధపడుతోంది. పాతవన్నీ తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టాలా?

జవాబు: ఆయన అడిగింది చిన్న మాటే అయినా, సొంత కాళ్ల మీద నిలబడుతున్న రోజుల్లో అలాంటిది గుచ్చుకుంటుంది. మీరు నొచ్చుకోవడంలో తప్పేమీ లేదు. తొందరపడింది ఆ తర్వాత. అవమానం పచ్చిగా ఉన్నప్పుడు షాపుకెళ్తే మనకి సరిపోయే బట్టలు కొనం, ఆ మాటకి జవాబు కొంటాం. మీ ఐదు చొక్కాలూ, బ్లేజరూ అలా వచ్చినవే.

మీ అన్నయ్య మాటని మాత్రం కొట్టిపారేయకండి. నవ్విన తీరు బాగాలేదు, నిజమే. కానీ ‘నాన్నగారి బట్టలు’ అన్నాడంటే అతని కంటికి ఆనింది బహుశా సైజు. ఏళ్ల తరబడి హుడీలు, టీషర్టులు వేసుకున్నవాళ్లకి బట్ట ఒంటికి దూరంగా వేలాడటమే అలవాటు. చొక్కా కొనేటప్పుడు కూడా చెయ్యి ఆ సైజు మీదకే పోతుంది.

ఈ రాత్రి ఆ చొక్కాల్లో ఒకటి వేసుకుని అద్దం ముందు నిలబడండి. ముందు భుజాలు చూడండి. చెయ్యి అతికిన కుట్టు సరిగ్గా మీ భుజం ఎముక అంచు మీద ఉండాలి. జబ్బ మీదకి జారిందంటే చొక్కా పెద్దది, మెడ వైపు ఎక్కిందంటే చిన్నది. తర్వాత పై బొత్తాం పెట్టుకుని కాలర్‌లోకి వేళ్లు దూర్చండి. రెండు వేళ్లు హాయిగా పట్టాలి, అంతకుమించి ఖాళీ ఉండకూడదు. చేతులు కిందికి వదిలితే కఫ్ మణికట్టు ఎముకని కప్పి, బొటనవేలి మొదలు దగ్గర ఆగాలి. బొత్తాలన్నీ పెట్టాక ఛాతీ మీద అడ్డంగా ముడతలు లాగుతుంటే బిగుతు. నడుము పక్కల బట్ట సంచీలా ఉబ్బితే వదులు. ఆఖర్న టక్ చేసుకుని రెండు చేతులూ పైకెత్తండి, ఒకసారి కూర్చుని లేవండి. చొక్కా మొత్తం బయటికి వచ్చేసిందంటే పొడవు చాలలేదన్నమాట. కింది అంచు ముందూ వెనకా గుండ్రంగా దిగి ఉంటే అది టక్ చేసుకోవడానికి కుట్టిన చొక్కా. అంచు తిన్నగా ఉన్నదాన్ని బయటికి వదిలేసినా బావుంటుంది.

నడుము దగ్గర వదులు, చేతుల పొడవు, ప్యాంటు పొడవు టైలర్‌కి తేలికైన పనులే. భుజం అలా కాదు, చొక్కా సగం విప్పి మళ్లీ కుట్టాలి. అయ్యే ఖర్చుకి చాలాసార్లు గిట్టుబాటు కాదు. భుజం కుదిరిన వాటిని టైలర్‌కి ఇవ్వండి. కుదరని వాటిని షాపులో ఇంకా మార్చుకునే వీలుంటే మార్చుకోండి, లేదంటే ఒంటికి పట్టేవాళ్లకి ఇచ్చేయండి. ఒక జాగ్రత్త: కాటన్ బట్టల్ని టైలర్‌కి ఇచ్చే ముందు ఒకసారి ఉతికి ఆరేయండి. కాటన్ మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుపోతుంది. అది జరక్కుండా కొలత పెట్టిస్తే, తర్వాత ఆ కఫ్ మణికట్టు దాకా రాదు.

దీని గురించే ఇంతసేపు ఎందుకు చెబుతున్నానంటే, నేను మొదటి ఉద్యోగానికి మా అన్నయ్య చొక్కాలు వేసుకుని వెళ్లాను. శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసినవే, చేతులే పొడుగు. ఎవరితో మాట్లాడుతున్నా కఫ్ వేళ్ల మీదకి జారేది, దాన్ని పైకి తోసుకుంటూ ఉండేవాణ్ణి. ఎదుటివాళ్లు చెప్పిందాంట్లో సగం చెవికెక్కేది కాదు. కొన్నాళ్లకి నా కొలతలకి ఒక చొక్కా కుట్టించుకున్నాను. అది వేసుకున్న రోజు మధ్యాహ్నానికల్లా ఒంటి మీద ఏ చొక్కా ఉందో కూడా మర్చిపోయి పనిలో పడిపోయాను. పెద్దవాళ్ల బట్టలంటే నాకు తెలిసి అవే. పొద్దున ఒకసారి చూసుకుని, మళ్లీ రాత్రి దాకా వాటి ఊసు ఎత్తక్కర్లేనివి.

ఎన్ని కావాలంటారా, చాలా తక్కువ. తెలుపు, లేత నీలం లాంటి రంగుల్లో నాలుగు చొక్కాలు; నేవీ బ్లూ, గ్రే, ఖాకీ రంగుల్లో మూడు ప్యాంట్లు. ఏ చొక్కా ఏ ప్యాంటు మీదకైనా వెళ్తుంది కాబట్టి 12 జతలవుతాయి. పొద్దున్నే బీరువా తెరిచి టెన్షన్ పడే పని ఉండదు. చిరుగులూ వెలిసిన మచ్చలూ లేని ముదురు నీలం జీన్స్ ఒకటి ఉంటే సెలవు రోజుకీ, కొన్ని ఆఫీసులకీ కూడా సరిపోతుంది. మిగతావి నిదానంగా, ఒక్కొక్కటే కొనండి. 22 ఏళ్లకి ఎత్తు పెరగడం ఆగిపోయినా భుజాలూ ఛాతీ ఇంకా నిండే వయసు, ఇవాళ్టి కొలతకి పదేళ్ల బట్టలు కొనిపెట్టుకోవడం దండగ. బ్లేజర్ భుజం కుదిరితే దాచుకోండి, కుదరకపోతే మళ్లీ కొనడానికి తొందరేం లేదు.

మీ ఉత్తరంలో బూట్ల ప్రస్తావనే లేదు. చాలామంది కుర్రాళ్లు మరిచిపోయేది అక్కడే. మంచి ప్యాంటు కింద అరిగిపోయిన స్పోర్ట్స్ షూ ఉంటే పైన పెట్టిన ఖర్చంతా వృథా. ఒకే జత కొనగలిగితే బొమ్మలూ మెరుపులూ లేని బ్రౌన్ లెదర్ బూట్లు కొనండి, నేను చెప్పిన మూడు ప్యాంట్ల మీదకీ, జీన్స్ మీదకీ వెళ్తాయి. బెల్టు కూడా అదే రంగులో ఉండాలి. సాయంత్రం పూట వెళ్లి, రెండు కాళ్లకీ తొడుక్కుని నడిచి చూడండి. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, పొద్దున సరిపోయిన బూటు సాయంత్రం నొక్కుతుంది. లెదర్ చెమట పీల్చుకుంటుంది, ఆరడానికి టైమ్ కావాలి. అందుకని వరసగా రెండు రోజులు అదే జత వేయకండి. సాక్సులు కూర్చున్నప్పుడు కాలు కనపడనంత పొడవుంటే చాలు.

ఇప్పుడు అమ్మగారి సంగతి. మీ సైజు మీకంటే ముందు ఆమెకి తెలుసు. మీరు ఎంత పెరిగారో ప్రతి ఏడాదీ ఆమె చూసుకున్నది ఆ బట్టల్లోనే. మీరు కొత్త చొక్కా పక్కన పడేస్తే ఆమెకి నొప్పి కలిగేది చొక్కా గురించి కాదని మీకూ తెలిసే ఉంటుంది. ఆమె ఏదో కొనుక్కొచ్చి చేతిలో పెట్టిన క్షణంలో ఈ మాట ఎత్తకండి. మామూలు రోజున, పక్కన కూర్చుని చెప్పండి: ‘అమ్మా, ఇక నుంచి నా బట్టలు నేనే ఎంచుకుంటాను. నువ్వు నాతో రా. రంగు దిగేదేదో, కుట్టు నిలిచేదేదో నాకింకా తెలీదు.’ ఇది ఆమెని బుజ్జగించడానికి చెప్పే మాట కాకూడదు, నిజంగానే ఆమె దగ్గర నేర్చుకోండి. బట్టని వెలుతురుకి పట్టి నేత చూడటం, కుట్టు లోపలి వైపు తిప్పి చూడటం, గుప్పిట్లో నలిపి వదిలి ముడత ఎంతసేపు నిలుస్తుందో చూడటం ఇన్నేళ్లు చేసిన చెయ్యి అది.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెబుతాను. ఎంచుకోవడం మీరు తీసుకుని, ఉతకడం, ఇస్త్రీ ఆమెకే వదిలేస్తే అది ఎదగడం అవదు. మీ బట్టల పని మీరే చేసుకోండి. చొక్కా లోపలి లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె గుర్తులో చుక్కలుంటాయి. ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, రెండుంటే మధ్యస్థం, మూడుంటే ఎక్కువ వేడి పెట్టొచ్చు. పాలియెస్టర్ మీద కాటన్ వేడి పెడితే బట్ట మెరుపెక్కి పాడవుతుంది. కాటన్ చొక్కాని కాస్త తడి ఉండగానే చేయండి. కాలర్‌ని కొసల నుంచి మధ్యకి రుద్దండి, అప్పుడు కొసల దగ్గర ముడత నిలవదు. ముదురు రంగు జీన్స్‌ని తిరగేసి చన్నీళ్లలో ఉతికితే రంగు ఎక్కువ కాలం ఉంటుంది.

బొమ్మల టీషర్టులు పారేయాల్సిన అవసరం లేదు. ఇంట్లో, స్నేహితుల దగ్గర మీరు మీరే, వేసుకోండి. ఆఫీసు బట్టలతో కలవకుండా వేరే అరలో పెట్టుకోండి, అంతే. అన్నయ్యకి సంజాయిషీ చెప్పుకోవద్దు. వీలైతే టైలర్ దగ్గరికి అతన్నే తీసుకెళ్లండి. వదులు కనిపెట్టిన కన్ను ఎలాగూ ఉంది కదా, వెనక నుంచి ఎలా ఉందో చూసి చెప్పడానికి ఒక మనిషి కావాలి.

వెళ్లే ముందు అమ్మగారు కొన్నవాటిలో బొమ్మల్లేని సాదా చొక్కా ఒక్కటైనా దొరుకుతుందేమో వెతకండి. భుజం సరిపోతే దాన్నీ టైలర్‌కి ఇవ్వండి. తిరిగొచ్చాక ఆఫీసుకి మొదట వేసుకెళ్లేది అదే కానివ్వండి.