పాత యాంపు కొంటున్న మా పాపకు

పాపా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, "నీ మేనకోడలు బీరువా అంత స్పీకర్ డబ్బా కొంటోందంట రా, నువ్వైనా గడ్డి పెట్టు" అంది. ఏం డబ్బా అంటే పేరు చెప్పలేక ఫోటో పంపింది. చూడగానే గుర్తుపట్టాను. బాస్ గిటారుకు వాడే ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ హెడ్డు, అంటే స్పీకర్లు లేని యాంప్లిఫయరు పెట్టె, దాని కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న క్యాబినెట్. 1970లలో ఆ కంపెనీ మాగ్నావాక్స్ అనే అమెరికా కంపెనీ చేతిలో ఉన్నప్పటి సరుకు. కర్నూలు ఆర్కెస్ట్రాల్లో బాస్ వాయించిన మా తరం వాళ్ళం దాన్ని పత్రికల్లో బొమ్మగా చూడడమే తప్ప ముట్టుకున్న పాపాన పోలేదు. అది నా మేనకోడలి ఇంటికి వస్తోందంటే ఛాతీ ఉప్పొంగింది. లైటు ఆర్పి పడుకున్నాక మాత్రం భయం పట్టుకుంది. అందుకే ఫోన్‌లో కాకుండా ఇలా రాస్తున్నాను, మళ్ళీ మళ్ళీ చదువుకుంటావని.

కొనొద్దని చెప్పను. మీ అమ్మకూ ఆ మాటే చెప్పాను. ధర నువ్వే బేరమాడుకో. వాయించి చూడకుండా డబ్బివ్వకు. లారీలో వేసే ముందు ట్యూబులు పీకి, ఏది ఏ సాకెట్‌దో రాసి, విడిగా ప్యాక్ చేయించు.

మూడు కిలోల యాంపులో 500 వాట్లు వస్తున్న రోజుల్లో దాదాపు నలభై కిలోల హెడ్డు ఎందుకని అడిగేవాళ్ళు అడుగుతారు. వాళ్ళతో వాదనకు దిగకు. అది వచ్చింది 1969లో. బాస్ కోసం 300 వాట్ల ట్యూబు యాంపు అంటే అప్పటికి వినని మాట. లోపల 14 ట్యూబులు. ఇక ఆ క్యాబినెట్ ఉంది చూడు, దానికి గాలి పోయే రంధ్రం ఉండదు, పూర్తిగా మూసేసిన పెట్టె. మన బాస్‌లో లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఈ పెట్టె శబ్దం 60కి దగ్గర్లోనే తగ్గడం మొదలవుతుంది. అయినా స్వరం నిండుగానే వినిపిస్తుంది. ఎందుకంటే 82, 123 దగ్గర వచ్చే పై స్వరాలు గట్టిగా పలికితే అడుగు స్వరాన్ని చెవే పూరించుకుంటుంది. స్వరానికీ స్వరానికీ మధ్య బురద ఉండదు, వేలు తీయగానే ఆగిపోతుంది. నీ వాయింపులో తొందర ఎక్కువ కాబట్టి నీకిది మంచి గురువు.

మా రోజుల్లో తిరునాళ్ళకు పోతే కర్రలకు కట్టిన అహూజా హారన్లే దిక్కు. పాడేవాళ్ళ గొంతు రెండు ఊర్లకు వినపడేది, బాస్ మాత్రం పక్కన నిలబడ్డ మనిషికి కూడా వినపడేది కాదు. అలాంటప్పుడు మా ఆర్కెస్ట్రా ఓనరు మద్రాసులో ఒక సెకండ్‌హ్యాండ్ ఫెండర్ బాస్‌మన్ యాంపు కొన్నాడు. నేనప్పుడు కాంగో డ్రమ్స్ వాయించేవాణ్ణి. స్విచ్చి వేశాక ట్యూబులు వేడెక్కేదాకా ఆగాలి. వెనక నుంచి చూస్తే నారింజ రంగు వెలుగు, దుమ్ము కాలిన వాసన. మొదటి స్వరానికి స్టేజీ చెక్కలు అరికాళ్ళ కింద వణికాయి.

ఆ యాంపులో సన్నగా హమ్, అంటే గుయ్‌మనే మోత, వచ్చేది. ఓనరుకు అది గిట్టేది కాదు. మా ఆపరేటరు ఒకరోజు ప్లగ్గు విప్పి ఎర్త్ వైరు కత్తిరించేశాడు. హమ్ ఆగిపోయింది. భలే పని చేశావని అందరూ వీపు తట్టారు. ఆ తరువాత చాలా ప్రోగ్రాములు ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. ఏమీ కాకపోవడంతో ఆ వైరు సంగతే అందరూ మర్చిపోయారు.

నంద్యాల దగ్గర ఒక ఊరి తిరునాళ్ళ. సాయంత్రం జల్లు పడి స్టేజీ తడిగా ఉంది. మా బాస్ గిటారిస్టు నాకంటే కొన్నేళ్ళు పెద్దవాడు, చెప్పులు విప్పి వాయించడం అలవాటు. కోరస్ పాడదామని మైకు మీదికి వంగాడు. పెదవి జాలీకి తగిలింది. అరవలేదు పాపా, అరవలేకపోయాడు. ఎడమ చెయ్యి గిటారు మెడ మీద బిగుసుకుపోయింది. కరెంటు కండరాన్ని అలా పట్టేస్తుంది, వదలాలని మనసుకున్నా వేళ్ళు వినవు. ఒళ్ళు ఊగుతుంటే పాటకు ఆడుతున్నాడనుకుని ముందు కూర్చున్న పిల్లలు ఈలలు వేశారు. కీబోర్డు వాయించే అతను ముఖం చూసి అనుమానపడి యాంపు ప్లగ్గు పీకాడు. మనిషి నిలువునా పడిపోయాడు. దగ్గరికి పోయి చూస్తే వేళ్ళ మీద తీగల మందాన నల్లటి గీతలున్నాయి.

బతికాడు. కానీ మళ్ళీ గిటారు పట్టలేదు. కొన్నాళ్ళకు ఇంటికి పిలిచి, దాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వు వాయించు, కానీ ఎర్త్ చూసుకో" అన్నాడు. నేను బాస్ గిటారిస్టునయింది అలా. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని నువ్వు మొదటిసారి మీటిన తీగలు ఆ గిటారువే.

అక్కడ జరిగింది ఇదీ. యాంపు లోపల ఇన్సులేషన్ పాడై ఇనప చట్రానికి, అంటే చాసిస్‌కు, కరెంటు వచ్చింది. గిటారు తీగలు కేబుల్ ద్వారా ఆ చాసిస్‌తో కలిసే ఉంటాయి. మైకేమో మిక్సర్ ద్వారా ఎర్త్‌లో ఉంది. మధ్యలో మనిషి దొరికాడు. ఆ ఎర్త్ వైరు ఉండుంటే ఫ్యూజు కొట్టేసేది, అంతటితో పోయేది. ఆపరేటరు చెడ్డవాడు కాదు, అతను ఆ రాత్రంతా ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

అందుకే చెప్తున్నాను. అమ్మేవాళ్ళు "అంతా ఒరిజినల్, వైరు కూడా మార్చలేదు" అని గొప్పగా చెప్తారు. ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు, ప్లైవుడ్డు ఒరిజినల్‌వి ఉంటే కళ్ళకద్దుకో. వైరు, ఫ్యూజు, ఎండిపోయిన కెపాసిటర్లు మాత్రం మార్చి తీరాలి. పాతదనం మీద ప్రేమ ఉండొచ్చు, పాత వైరు మీద వద్దు. మొన్న నువ్వు పంపిన వీడియోలో చిన్న యాంపు త్రీపిన్ ప్లగ్గును టూపిన్ సాకెట్లో ఇరికించి వాడుతున్నావు. నేను చూడలేదనుకున్నావా? ఇంజనీరింగ్ చదివిన పిల్లవి, ఆ పని చేస్తావా? ఆ రోజు కోపంతో నీకు జవాబివ్వలేదు. పాట మాత్రం రెండుసార్లు విన్నాను, బాగా వాయించావు.

అది అమెరికా యాంపయితే 120 వోల్టులది. మన 230లో నేరుగా పెట్టకూడదు, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, 1,500 వీఏకి తగ్గకుండా తీసుకో. మార్కెట్లో చాలావాటికి బయట టూపిన్ సాకెట్టే ఉంటుంది, ఎర్త్ అక్కడే తెగిపోతుంది. త్రీపిన్ ఉన్నది అడిగి, మీటరుతో చూసి కొను. ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టె కాగితం చుట్టే మహానుభావులున్నారు, వాళ్ళను దగ్గరికి రానివ్వకు. హమ్ ఇబ్బంది పెడితే, గిటారు శబ్దాన్ని మిక్సర్‌కు పంపే డీఐ బాక్సులో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి ఉంటుంది, అది నొక్కు. ప్లగ్గు జోలికి పోవద్దు. స్పీకర్ కలపకుండా హెడ్డు ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు, మధ్యలో బల్బు కలిపిన సిరీస్ బోర్డు మీదే చేయించు. ప్లగ్గు తీసేశాక కూడా లోపల 700 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. మూత నువ్వు విప్పొద్దు. ట్యూబులు తెలిసిన మెకానిక్కు బెంగళూరులో దొరుకుతాడు, నేనూ వస్తాను.

స్పీకర్ల మాట. కోన్‌కు రెండు వైపులా వేళ్ళు ఆనించి మెల్లగా లోపలికి నొక్కు. గీసుకున్న చప్పుడు వస్తే కాయిల్ రాసుకుంటోందని అర్థం. ఆ క్యాబినెట్‌లో ఒక్కో స్పీకర్ 32 ఓమ్‌లది, ఎనిమిదీ ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్‌లు. ఎవరైనా పోయినవాటి స్థానంలో మామూలు 8 ఓమ్‌లవి వేసి ఉంటే యాంపు మీద లోడు ఎక్కువైపోతుంది. వెనక పలక విప్పించి చూడు.

2009 అక్టోబరు 2న కర్నూలును వరద ముంచినప్పుడు మా క్యాబినెట్లు రెండూ నీళ్ళలోనే ఉండిపోయాయి. పొట్టు చెక్కది ఉబ్బి విడిపోయింది. ప్లైవుడ్డుది బురద కడిగి, నీడలో ఆరబెట్టి, స్పీకర్ మారిస్తే ఈ రోజుకీ పలుకుతోంది. నీకు అనంతపురంలో వరద భయం కంటే చెదల భయం ఎక్కువ. గోడకు ఆనించకు, చక్రాల మీద పెట్టు.

అనంతపురం నేల ఎండాకాలంలో ఎంత ఎండుతుందో నీకు తెలుసు. మీ ఇంటి ఎర్త్ గుంతలో నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో మీ అమ్మకే గుర్తు లేదు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాను, వచ్చే ఆదివారం వస్తాడు. బొగ్గు, ఉప్పు వేసి కొత్త గుంత తీసి, బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి బిగిస్తాడు. డబ్బు నేను ఇచ్చేశాను, దాని గురించి అడగొద్దు. పెరట్లో ఏ మూల తవ్వాలో అమ్మను అడిగి నాకు చెప్పు, కరివేపాకు చెట్టు వేర్లకు తగలకూడదంటోంది. బండి బయలుదేరిన రోజు ఫోన్ చెయ్యి, దింపడానికి నలుగురిని వెంటబెట్టుకొస్తాను.

మీ మామ
కర్నూలు