గబ్బిలాల గోమార్ల కోసం పోయే ముందు

బిడ్డా శ్రావణీ,

పానగల్లు ఉదయసముద్రం చెరువు దిక్కు గబ్బిలాల మీది గోమార్లు ఏరడానికి పోతున్న అని రాసినవు. ముందు కాగితం సంగతి. ఏ గబ్బిలాన్ని పట్టాలన్నా అటవీ శాఖ అనుమతి చేతిల ఉండాలె. 1972 వన్యప్రాణి చట్టంల పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకులతో కలిపి అయిదో షెడ్యూల్ల, అంటే రక్షణ లేని హానికర జీవుల జాబితాల పెట్టిన్రు. 2022 సవరణతోని ఆ జాబితానే పోయింది. ‘గబ్బిలానికి పర్మిషన్ ఏంది’ అనేటోళ్ల మాట వినకు. పాత గుడి, కోట లోపలికైతే పురావస్తు శాఖ కాగితం వేరే.

ఇగ అసలు మాట. గబ్బిలం ఒంటి మీద నీకు దొరికేవి శానా మటుకు పిల్ల గోమార్లే, అంటే లార్వాలు. ఇవి మన గొడ్లకు పట్టే గట్టి పెంకు రకం కావు, ఎక్కువగా మెత్తటి రకం, ఓర్నిథోడోరస్ అసువంటి జాతులవి. లార్వా రోజుల తరబడి గబ్బిలాన్ని పట్టుకొని ఉంటది. పెద్దవి గోడ సందుల్లనే బతుకుతయి. గబ్బిలం పండుకున్నప్పుడు వచ్చి, మామూలుగా గంటలోపే రక్తం తాగి, మళ్ల సందులకు పోతయి. బ్రెజిల్ పాంటనాల్ చిత్తడి నేలల గబ్బిలాల మీద దొరికే ఓర్నిథోడోరస్ హాసై కథ కూడా ఇదే. అందుకని వలల పడ్డవాటినే చూసి ‘గోమార్లు లేవు’ అని రాయకు, గబ్బిలాలు పండుకునే జాగ కూడా చూడు.

వల వెలుగుండంగనే కట్టి, పొద్దుగూకినంకనే విప్పు, లేకుంటే పిట్టలు పడతయి. పది నిమిషాలకోసారి చూడాలె. ఒక్కో గబ్బిలానికి ఒక్కో నూలు సంచి. రెండింటిని కలిపితే ఏ పురుగు దేనిదో తెల్వది. ఇడిచిపెట్టినంక సంచి తిరగేసి కుట్ల వెంబడి చూడు, రాలినవి అక్కడనే దాక్కుంటయి. ఉడకబెట్టకుండా సంచి మళ్ల వాడొద్దు. కడుపుతోని ఉన్నదాన్ని, పాలిచ్చేదాన్ని వెంటనే ఇడువు.

చెవుల అంచులు, గడ్డం కింద, చంకలు, తొడల నడుమ, రెక్క తోలు ఒంటికి కలిసే చోటు చూడు. గసగసాల గింజంత చుక్క కదలకుండా అంటుకొని ఉంటే లెన్సు పెట్టి కాళ్లు లెక్కపెట్టు. ఆరుంటే లార్వా. పొడుగు కాళ్లతోని బొచ్చుల సర్రున ఉరికేదానికీ ఆరే ఉంటయి, కానీ అది రెక్కల్లేని గబ్బిల ఈగ. రెక్క తోలు మీద ఎనిమిది కాళ్లు పరుచుకొని ఉండేది స్పిన్‌టర్నిక్స్ మైటు అనే సన్న పురుగు. కొత్తల అందరూ తడబడేది ఈడనే.

సన్న మొన ఫోర్సెప్స్ (పట్టకారు) తోలుకు ఆనించి, మూతి దగ్గర పట్టి, నిదానంగ తిన్నగ గుంజు. నూనె, స్పిరిటు పొయ్యకు. మెలిపెడితే మూతి తోలులనే ఇరుగుతది. జాతి తేల్చేటందుకు ఆ మూతి మీది పండ్ల (దంతాల) వరసలు కావాలె, అది పోతే సగం పని పోయినట్టే.

జన్యు పరీక్షకు 95 శాతం ఆల్కహాల్, ఆకారం చూసేటందుకు 70. 95ది 74 మిల్లీలీటర్లు పోసి నీళ్లతోని 100 దాకా నింపితే 70 అయితది. తేదీ, ఊరు, గబ్బిలం జాతి, ఆడదా మగదా, ఒంట్ల ఏ చోటు అన్నీ పెన్సిలుతోని చీటీ మీద రాసి సీసా లోపలనే వెయ్యి. పెన్ను సిరా కరిగిపోతది. ఏమీ దొరకని గబ్బిలాన్ని కూడా పుస్తకంల ఎక్కించు, లేకుంటే నూటికి ఎన్నింటికి ఉన్నయో చెప్పలేవు. మన ఎండలకు సీసాలను బండి డిక్కీల మాత్రం పెట్టకు.

గోడ సందులు చూసేది గబ్బిలాలు మేతకు పోయినంకనే. కింద పడ్డ గబ్బిలాల పెంట జల్లెడ పట్టి తెల్ల పళ్లెంల పొయ్యి, కొంచెం సేపు ఆగు. సచ్చినట్టు పడి ఉన్నవి అప్పుడు కదులుతయి. గబ్బిలాలు ఇడిచిపోయిన గదిని కూడా నమ్మొద్దు, ఈ గోమార్లు నెలల తరబడి తిండి లేకున్నా బతికి మనుషులను కుడతయి. గొర్లకాపర్లు ఎండకు ఒరిగేది అసువంటి గదులల్లనే, వాళ్లకూ చెప్పు. గోమార్లతోని మనుషులకు అంటుకునే క్యాసనూరు అడవి జ్వరం వైరస్ కర్ణాటకల గుర్రపునాడా గబ్బిలాల నుంచి, ఓర్నిథోడోరస్ గోమార్ల నుంచి కూడా దొరికింది. ఎండిన పెంట దుమ్ముల ఊపిరితిత్తులను పట్టే బూజు ఉండొచ్చు. ఎన్95 మాస్కు, గ్లౌజులు, మేజోళ్లలకు దోపిన ప్యాంటు లేకుండా లోపలికి అడుగు పెట్టకు.

రేబీస్ టీకా ముందే ఏపిచ్చుకో. అయినా గాటు పడితే సబ్బు నీళ్లతోని 15 నిమిషాలు కడిగి, అదే రోజు దవాఖానకు పో. గీరుకుంది అనకు, గబ్బిలం కరిచింది అనే చెప్పు.

మీ పెద్దబాపు